కనీసమ్మగారి అధ్యాయం

అందరికీ నమస్కారం.

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సంతాప సభ అనగానే ముందు వరసలో కూర్చోవడానికి ఎందుకో అందరూ జంకుతారు. ఆవిడే ఉంటే ఈపాటికి ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టేది.

ఆవిడ లేదు. ఈ మాట పొద్దుట నుంచీ అద్దం ముందు నిలబడి అనుకుంటూనే ఉన్నాను, ఇంకా నోటికి అలవాటు కాలేదు. మన సంఘంలో అందరికన్నా పెద్ద గొంతున్న మనిషి, నాకు సొంత అక్కకన్నా ఎక్కువైన మా అక్కయ్య, పోయిన గురువారం మనల్ని వదిలేసి వెళ్ళిపోయింది. ఈ గదిలోనే ముప్పై ఏళ్ళు పోట్లాడింది. అదిగో, ఆ మూసుకోని కిటికీ పక్కన. ఎన్నిసార్లు బాగుచేయించినా ఆ కిటికీ మూసుకోదు, ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ కుర్చీ మారదు.

బావగారూ, అమ్మాయ్, మీ ఇద్దరికీ ఏం చెప్పి ఊరడించాలో నాకు తెలియదు. ఇక్కడున్న చాలామంది నాకన్నా బాగా చెబుతారు. కానీ ముందే ఒక మాట. నేను ఏడుపు గొంతుతో మాట్లాడలేను. ఆవిడ గురించి మొదలుపెడితే నాకు హుషారొచ్చేస్తుంది, చేతులూపేస్తాను, గొంతు పెరిగిపోతుంది. ఇది సభామర్యాద కాదని ఎవరికైనా అనిపిస్తే నన్ను క్షమించండి. ఆవిడైతే ఎలాగూ క్షమించేది కాదు, “ఇంకొంచెం గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకి వినపడట్లేదు” అనేది.

దహనమైన మర్నాడు ఈ అమ్మాయి నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. ఈ అమ్మాయి పళ్ళ డాక్టరు. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో బాగా తెలిసిన మనిషి. అక్కడే నొక్కింది. “మావయ్యా, నా చిన్నప్పుడు అమ్మ పెట్టె సర్దుకుని మీ మీటింగులకి వెళ్ళిపోయేది. నా పుట్టినరోజులు మీ మీటింగుల్లో కలిసిపోయాయి. ముప్పై ఒకటా ముప్పై రెండా అని ఫోన్లో అరుచుకునేవారు. ఇప్పుడు ఆ అంకెలన్నీ తీసేస్తున్నారట కదా. అవి ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టుకున్నవేనా? మా అమ్మ ఉత్తినే వెళ్ళిందా?” అని అడిగింది.

మిత్రులారా, జవాబు నాకు తెలుసు. మెట్ల మీద చెప్పి వదిలేసే జవాబు కాదది. అందుకని ఇవాళ చెబుతాను అన్నాను. కాబట్టి ఈ ప్రసంగం మీ అందరి ముందూ ఈ అమ్మాయికి చెబుతున్న జవాబు. మిగతావాళ్ళు కూడా వినండి, మరీ ముఖ్యంగా మూడో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న మా కుర్ర సభ్యులు.

బావగారి తరఫు చుట్టాలు చాలామంది వచ్చారు, వాళ్ళ కోసం రెండు ముక్కలు. కంప్యూటరుకి మన మాట తెలియదు. మనిషి ఒక భాషలో ప్రోగ్రాం రాస్తాడు. దాన్ని మిషనుకి తెలిసేలా మార్చిపెట్టే ఇంకో ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని కంపైలర్ అంటారు. ఒకే భాషకి వందమంది వంద కంపైలర్లు రాస్తారు. పెద్ద మిషన్లకి కొందరు, అగ్గిపెట్టెంత మిషన్లకి కొందరు. వీళ్ళందరూ ఒకే మాట మీద ఉండాలి కదా? ఆ మాట రాసేది మన సంఘం. ఆ పుస్తకాన్ని నియమావళి అంటాం. అందులో మా అక్కయ్య రాసిన అధ్యాయం ఒకటుంది. చిన్నది. పేరు ‘కనీస హద్దులు’. ప్రతి కంపైలరూ కనీసం ఇంత పొడుగు పేరు చదవగలగాలి, కనీసం ఇన్ని బ్రాకెట్లు ఒకదానిలో ఒకటి పెడితే తట్టుకోవాలి, కనీసం, కనీసం, కనీసం. అందుకే ఆవిడకి మేం ‘కనీసమ్మగారు’ అని పేరు పెట్టాం. వెనకాల పెట్టిన పేరు. నెల తిరిగేసరికి ఆవిడే సంతకం కింద రాసుకోవడం మొదలెట్టింది.

బావగారు కుట్టు మిషన్లు బాగుచేస్తారు, మితభాషి. ఒకసారి నేను వాళ్ళింటికి వెళ్ళి, “మీ ఇంట్లో కూడా ఈ హద్దులున్నాయా బావగారూ?” అని అడిగితే, ఆయన సూది బిగిస్తూ, “కనీసం రోజుకొకసారి ఆవిడ చెప్పింది వినాలయ్యా, గరిష్ఠం ఎంతో ఇంతవరకూ చెప్పలేదు” అన్నారు. నవ్వండి బావగారూ, ఫరవాలేదు. ఆవిడకి ఎంతో ఇష్టమైన మాట అది, ప్రతి మీటింగులోనూ చెప్పుకునేది.

సరే. ఆ అధ్యాయం ఎలా పుట్టింది? చెబుతాను. లిఫ్టులోంచి పుట్టింది!

అప్పటికి ఆవిడ లిఫ్టులు తయారుచేసే చోట పనిచేసేది. లిఫ్టుకి ఒక చిన్న డబ్బా ఉంటుంది, ఆ డబ్బాలో ఒక బుల్లి కంప్యూటరు. దానికి కంపైలర్ రాసింది ఆవిడ. నేనేమో పెద్ద మిషన్ల కంపెనీలో పెద్ద కంపైలర్ రాశాను. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఒక ఇంజనీరు ఆ లిఫ్టు ప్రోగ్రాంని ముందు నా కంపైలర్ మీద రాసి చూసుకున్నాడు. బ్రహ్మాండంగా నడిచింది. తీసుకెళ్ళి ఆవిడ కంపైలర్‌కి ఇచ్చాడు. అదీ కిక్కురుమనకుండా తీసుకుంది. లిఫ్టుని పన్నెండు అంతస్తుల మేడలో పెట్టారు.

ఇక చూడండి సరదా. పై అంతస్తులో తలుపు తెరుచుకుంటే మూసుకోదు. అత్తారింటికి వచ్చిన అల్లుడిలా తీరిగ్గా ఉంటుంది. మొదటి అంతస్తులో తెరుచుకున్నట్టే తెరుచుకుని టపీమని మూసుకుంటుంది, సగం మంది సంచులు అందులో ఇరుక్కున్నాయి. ఇక కింద, వీధిలోకి దిగే చోట? అసలు తెరుచుకోనే తెరుచుకోదు! మేడ మీది జనం మొదటి అంతస్తులో దూకి మెట్లు దిగేవారు. మెకానిక్కు వచ్చి మోటారు విప్పాడు, తలుపులకి నూనె పోశాడు, తీగలు మార్చాడు. ఎక్కడి గొంగళి అక్కడే. మొదటి అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, “ఈ లిఫ్టుకి పైనున్నవాళ్ళంటేనే మర్యాద” అని తేల్చేసింది.

అక్కయ్య వెళ్ళింది. చేతిలో గడియారం పట్టుకుని, లోపల నిలబడి, పైకీ కిందకీ తిరిగింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బిగ్గరగా సెకన్లు లెక్కపెట్టింది. అయిదో అంతస్తుకి వచ్చేసరికి గట్టిగా నవ్వేసిందట. లిఫ్టులో ఉన్నవాళ్ళు భయపడ్డారట! ఎన్నో అంతస్తో అన్ని సెకన్లు. మొదటి అంతస్తులో ఒక సెకను. పన్నెండో దాంట్లో పన్నెండు. కింద, అంటే సున్నా అంతస్తులో, సున్నా!

ఎందుకలా? ఆ ఇంజనీరు రెండు పేర్లు పెట్టుకున్నాడు. ‘తలుపుతెరవాల్సినఅంతస్తు’ ఒకటి, ‘తలుపుతెరవాల్సినసేపు’ ఒకటి. నా కంపైలర్ పేరు ఎంత పొడుగున్నా చివరి దాకా చదివేది. ఆవిడ కంపైలర్ మొదటి ఎనిమిది అక్షరాలు చదివి, చాల్లే అని ఊరుకునేది. త, లు, పు, తె, ర, వా, ల్సి, న. ఎనిమిది! రెండు పేర్లూ దానికి ఒకటే పేరు. అంతస్తు అంకె వెళ్ళి సెకన్ల మీద కూర్చుంది.

ఆవిడ నా ఫోన్ నంబరు ఎక్కడో పట్టుకుని ఫోన్ చేసింది. ఎవరు, ఏమిటి, ఏమీ లేదు. ఆవిడ నాతో అన్న మొట్టమొదటి మాట, “మీ కంపైలర్ చాలా మంచిది, అందుకే మా లిఫ్టు పాడైంది” అని. నాకు ఒళ్ళు మండింది. మీరు పేర్లు సగం మింగేసి మమ్మల్నంటారేమిటి అన్నాను. ఆవిడ శాంతంగా, “నేను ఎనిమిది చదువుతానని ఎక్కడా రాయలేదు. మీరు ఎంతైనా చదువుతానని ఎక్కడా రాయలేదు. మధ్యలో ఆ అబ్బాయి ఎవర్ని నమ్మి రాయాలి?” అని అడిగింది.

మీరే చెప్పండి, ఎవర్ని నమ్మి రాయాలి? ఆవిడ డబ్బాలో చోటు లేదు, ఉన్నంతలో నడిపింది. నాకు చోటుంది, వాడుకున్నాను. కానీ మా ఇద్దరిలో ఒక్కరం కూడా ఆ అబ్బాయికి మాటివ్వలేదు. ఇదిగో ఇంతవరకూ నీకు భరోసా, ఇది దాటితే నీ ఇష్టం, నీ అదృష్టం అని ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పించడానికే ఆవిడ మన సంఘంలోకి వచ్చింది.

వచ్చింది, వచ్చీ రాగానే నాతో తగువు పెట్టుకుంది. మా పెద్ద మిషన్ల వాళ్ళందరం ఒక జట్టు. అసలు హద్దే వద్దు, ఏ పేరైనా ఎంత పొడుగైనా చెల్లాలి, ఈ కాలంలో హద్దులేమిటి అని మా వాదన. కొండంత రాగం తీశాను నేను. ఆవిడ లేచి, “హద్దు లేదని మీరు పుస్తకంలో రాస్తే నా డబ్బాలో చోటు పెరుగుతుందా?” అంది. అంతే! నిజమే కదా? హద్దు లేదని రాస్తే ఏమవుతుంది? హద్దు పోదు. హద్దు చీకట్లోకి వెళ్ళి దాక్కుంటుంది. ఎవరి హద్దు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, లిఫ్టు తలుపు తెరుచుకోనప్పుడు తెలుస్తుంది.

మరి ఎంత పెట్టాలి? అమ్మాయ్, నీ ప్రశ్న ఇదే. ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టారా?

ఆవిడ ఏం చేసిందో చెబుతాను. బుర్రలోంచి ఒక్క అంకె కూడా తియ్యలేదు. మనలో అందరికన్నా చిన్న మిషను ఎవరిదో వెతుక్కుంటూ వెళ్ళింది. తాళాలాయన అని ఒకాయన ఉండేవారు, తలుపుల్లో అమర్చే ఎలక్ట్రానిక్ తాళాలు చేసేవారు. ఆయన మిషను వేలిగోరంత. ఆయన మీటింగుల్లో నోరు విప్పేవారు కాదు. ఆవిడ నాలుగు బస్సులు మారి ఆయన పనిచేసే షెడ్డుకి వెళ్ళి, బల్ల మీద కూర్చుని, “మీరు నలిగిపోకుండా ఎంత మొయ్యగలరు?” అని అడిగింది. తర్వాత ప్రోగ్రాంలు రాసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, “మీకు ఊపిరాడాలంటే ఎంత కావాలి?” అని అడిగింది. వీళ్ళకి కావలసింది ఒకటి, ఆయన మొయ్యగలిగింది ఒకటి. ఆ రెండింటినీ దగ్గరికి తేవడానికే ఆవిడ పెట్టె సర్దుకుని వచ్చేది. నీ పుట్టినరోజులు అందులోనే పోయాయమ్మా. అబద్ధం చెప్పను.

చివరికి పేరుకి కనీసం ముప్పై ఒక్క అక్షరాలన్నాం. బయటివాళ్ళు నవ్వారు. ముప్పై ఒకటేమిటి, నిండుగా ముప్పై అనొచ్చు కదా, లేకపోతే ముప్పై రెండు అనొచ్చు కదా అన్నారు. తాళాలాయన మిషనులో పేరు దాచుకోవడానికి ముప్పై రెండు గళ్ళ అర ఉంది. ఆ పేరు పొడుగెంతో రాసుకోవడానికి ఒక గడి పోతుంది. మిగిలింది ముప్పై ఒకటి. ముప్పై రెండు అని రాసి ఉంటే? ఆ ఒక్క అక్షరం కోసం ఆయన ఇంకో అర కట్టాలి, కట్టడానికి చోటు లేదు, ఆ షెడ్డు మూతపడేది. వింతగా కనిపించే ఆ అంకె వెనక ఒక మనిషి బతుకు ఉంది. నాకు ఆ సంగతి తెలిసిన రోజు, నిజం చెబుతున్నాను, వీధిలో నడుస్తూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను, అంత సంతోషమేసింది!

అలాగని అన్ని అంకెల వెనకా ఇంత కథ ఉందని చెబితే ఆవిడ పైనుంచి నా నెత్తిన మొట్టుతుంది. బ్రాకెట్లో బ్రాకెట్, దానిలో బ్రాకెట్, ఇలా ఎంత లోతు దాకా పెట్టొచ్చు? దానికి మేం పెట్టిన అంకె ఇరవై ఏడు. ఎందుకు ఇరవై ఏడు? చాలా ఏళ్ళ తర్వాత ఒక చదువుకున్న కుర్రాడు దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. మనిషి జ్ఞాపకశక్తి, గణితం, ఘనమూలాలు, చిలవలు పలవలు అల్లి, ఇరవై ఏడులోని అంతరార్థం విప్పి ఆవిడకి పంపాడు. ఆవిడ జవాబు రాసింది. “నాయనా, ఆ రోజు గదిలో హీటరు పనిచెయ్యలేదు. ఒకరు పదిహేనన్నారు, ఒకరు నలభై అన్నారు, అందరికీ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఇరవై ఏడు అనగానే ఎవరూ కాదనలేదు.” ఇంతే జవాబు! పాపం ఆ కుర్రాడు మూడు రోజులు అన్నం తినలేదని విన్నాను.

కానీ ఆ జవాబు కింద ఇంకో వాక్యం ఉంది. “ఇరవై అయిదైనా నడిచేది, ముప్పై అయినా నడిచేది. అంకె లేకపోతే మాత్రం నడిచేది కాదు.” ఇది గుర్తుపెట్టుకోండి. కొన్ని చోట్ల ఏ అంకె అన్నది ముఖ్యం. కొన్ని చోట్ల అందరూ ఒకే అంకె మీద నిలబడటం ముఖ్యం. ఏది ఎక్కడో ఆవిడకి తెలుసు, తెలియనప్పుడు తెలియదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది.

ఇప్పుడు నా మీద నేనే చెప్పుకోవలసిన కథ ఒకటుంది. పాతకాపులు ఇప్పటికే నవ్వుతున్నారు, చూస్తున్నాను.

ఆ అధ్యాయంలో మొదటి వాక్యం ఏమంటుంది? ఈ హద్దులన్నిటినీ ఒకేసారి అందుకునే ప్రోగ్రాం కనీసం ఒక్కదాన్నైనా ప్రతి కంపైలరూ నడిపి చూపించాలి అంటుంది. ఒక్కదాన్ని! నాకు లొసుగు దొరికిపోయిందనిపించింది. ఆ పరీక్ష కోసం ఆవిడే ఒక ప్రోగ్రాం రాసిపెట్టింది. దానికి ‘బండెడు’ అని పేరు. ముప్పై ఒక్క అక్షరాల పేర్లు, ఇరవై ఏడు బ్రాకెట్ల లోతు, అన్నీ దానిలో కుక్కింది. చదవబోతే కళ్ళు తిరుగుతాయి. నేనేం చేశానంటే, ఆ బండెడుని తప్ప ఇంక దేన్నీ నడపని కంపైలర్ ఒకటి తయారుచేశాను. బండెడు ఇస్తే నడుపుతుంది. రెండూ రెండూ కూడమంటే, కుదరదు పొమ్మంటుంది. మీటింగుకి పట్టుకొచ్చి అందరి ముందూ నడిపి చూపించాను. చూడండి మహాజనులారా, ఇది నియమావళిని తు.చ. తప్పకుండా పాటించింది, దీనికి సంఘం ముద్ర వెయ్యండి అన్నాను. గదంతా గొల్లుమంది. ఆవిడ అధ్యాయం ఆ రోజుతో సరి అనుకున్నాను.

ఆవిడ అందరికన్నా గట్టిగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, లేచి వచ్చి నా చేతిలో చెయ్యేసి, “ముద్ర వేసేద్దాం. ఇంతకీ దీన్ని ఎవరికి అమ్ముతావు తమ్ముడూ?” అంది.

అప్పుడు ఆవిడ అందరికీ చెప్పింది. ఈ హద్దుల లోపల ఉన్న ప్రతి ప్రోగ్రామూ నడవాలని రాయాలని ఆవిడకీ ఉండేదట. రాస్తే తాళాలాయన లాంటివాళ్ళు అబద్ధం ఆడాల్సి వస్తుంది. పొడుగు పేర్లు మొయ్యగలరు, లోతు బ్రాకెట్లు మొయ్యగలరు, కానీ పొడుగు పేర్లు పదివేలు, లోతు బ్రాకెట్లు పదివేలు కలిపి ఇస్తే ఆ వేలిగోరంత మిషను ఎక్కడ మోస్తుంది? మొయ్యలేని దానికి మాటివ్వమంటే మనిషి అబద్ధమైనా ఆడతాడు, ఆట వదిలేసైనా పోతాడు. అందుకని ఒక్కదాంతో సరిపెట్టింది. ఒక్క బండెడుని మోసి చూపించు, మిగతాది నీ పరువు చూసుకుంటుంది అంది. పాటించాలనే మనసు లేనివాణ్ణి ఏ వాక్యమూ కట్టెయ్యలేదు, మనసున్నవాడికి నిలబడటానికి చోటు చూపిస్తే చాలు. ఇదీ ఆవిడ లెక్క. ఆ రోజు నుంచే నేను ఆవిడని అక్కయ్యా అని పిలవడం మొదలెట్టాను. అలాగని ఓట్లు వెయ్యలేదు లెండి. ఓట్లు ఆవిడకి వ్యతిరేకంగానే వేశాను, ముప్పై ఏళ్ళూ.

ఇక అసలు సంగతి. వచ్చే మంగళవారం ఈ గదిలోనే ఓటింగు ఉంది. ఆ అధ్యాయాన్ని తీసేద్దామని మా కుర్రవాళ్ళు ప్రతిపాదన పెట్టారు. వాళ్ళ మాటలో తప్పు లేదు. ఇప్పుడు మిషన్లలో చోటుకి కరువా? చేతిలో ఫోనే ఆనాటి గదంత మిషనుకన్నా పెద్దది. ముప్పై ఒకటీ, ఇరవై ఏడూ చూస్తే పిల్లలు నవ్వుతున్నారు, పాతసామాను, పారేద్దాం అంటున్నారు. ఏడుగురు తీసేద్దామన్నారు, ఏడుగురు ఉంచుదామన్నారు. అక్కయ్య కుర్చీ ఖాళీ. అధ్యక్షుడిగా నా ఓటు మిగిలింది. ముప్పై ఏళ్ళుగా నా ఓటు ఎటుందో అందరికీ తెలుసు. అమ్మాయ్, నువ్వు మెట్ల మీద నన్నే ఎందుకు పిలిచావో నాకు అర్థమైంది.

రెండు వారాల క్రితం ఆసుపత్రికి వెళ్ళాను. అమ్మాయి కూడా గదిలోనే ఉంది. మంచం పక్కన మందు ఎక్కించే పంపు. చిన్న డబ్బా, పచ్చ దీపం, చుక్క చుక్కగా కొలిచి మందు పంపిస్తోంది. ఆ డబ్బాలో కూడా ఒక బుల్లి కంప్యూటరే కదా! ఈ ప్రతిపాదన గురించి ఆవిడకి చెప్పాలా వద్దా అని మింగలేక కక్కలేక కూర్చున్నాను. ఆవిడకి అప్పటికే తెలుసు. నేను నోరు తెరిచేలోగా ఆ పంపు వైపు చూపించి, “దీనిలో ఉన్నది ఎవరి కంపైలరో నాకు తెలియదు. రాసినవాడు ఎవడో తెలియదు. అయినా రాత్రి నిద్రపోయాను” అంది.

తర్వాత చాలాసేపు ఊపిరి తీసుకుంది. తీసుకుని, “అంకెలు పాతబడ్డాయి, పెంచండి. అధ్యాయం తీసేయకండి. పెంచే ముందు వెళ్ళి అందరికన్నా చిన్నవాణ్ణి అడగండి” అంది.

అంతే. ఇంక పని గురించి మాట్లాడలేదు. కిటికీ కొంచెం తీయమంది.

మూడో వరసలో కూర్చున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చెప్పింది నిజం. మీ మిషన్లలో చోటుంది. నా మిషనులోనూ ఎప్పుడూ ఉంది! ఆ మంచం పక్కన ఉన్న డబ్బాలో లేదు. ఇప్పటికీ లేదు. చిన్న మిషన్లు పోయాయనుకుంటున్నాం, అవి పోలేదు, మన కంటికి ఆనని చోట్లకి వెళ్ళాయి. పంపుల్లోకి, బ్రేకుల్లోకి, తాళాల్లోకి, గుండె పక్కన కుట్టిపెట్టే బిళ్ళల్లోకి. అక్కడ పనిచేసే ఆడపిల్ల ఎవరో, పిల్లాడెవరో, ఒక పేరు రాసి, ఇది చివరి దాకా చదువుతారా లేదా అని అనుమానపడే క్షణం ఉంటుంది చూడండి, ఆ క్షణంలో తెరిచి చూసుకోవడానికి ఒక పేజీ ఉండాలి. ఆ పేజీలో ఒక అంకె ఉండాలి. అది వంకర అంకె అయినా సరే!

కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను. మంగళవారం నా ఓటు ఆ అధ్యాయానికి. మొట్టమొదటిసారి అక్కయ్య వైపు ఓటేస్తున్నాను, చూడటానికి ఆవిడ లేదు, ఆ మాటకి నాకు ఏడుపొస్తోంది, రానివ్వండి. బుధవారం పొద్దున్నే పెట్టె సర్దుకుంటాను. ఇప్పుడు మనలో అందరికన్నా చిన్న మిషను ఎవరిదో వెతుక్కుంటూ వెళతాను. మూడో వరసలో వాళ్ళలో ఒకరు నాతో రావాలి. ఎవరొస్తారో మీరే తేల్చుకోండి, నా బస్సు ఎనిమిదింటికి.

అమ్మాయ్, మీ అమ్మ ఉత్తినే వెళ్ళలేదు. కొన్ని అంకెలు చలికి పుట్టాయి, కొన్ని ఒక మనిషి అరలో ఒక గడి కోసం పుట్టాయి. కానీ నీ కళ్ళ ముందు మీ అమ్మ ఆ పంపు పక్కన నిద్రపోయింది. తెలియనివాళ్ళ పని మీద అంత నమ్మకంగా నిద్రపోవడానికి కావలసిన నేల వేసినవాళ్ళలో ఆవిడ ఒకత్తి. నీ పుట్టినరోజులు నీకు తిరిగి ఇవ్వలేను. అవి ఎక్కడికి పోయాయో మాత్రం నీకు చెప్పగలిగాను.

మిత్రులారా, ఇప్పుడు ఆవిడ కోసం లేచి మౌనంగా నిలబడదాం. ఎంతసేపు? సభల్లో ఒక్క నిమిషం అంటారు. ఆ నిమిషం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలియదు. ఆవిడ ఉంటే ముందు అడిగేది, ఈ గదిలో అందరికన్నా తక్కువసేపు నిలబడగలిగేది ఎవరు అని. బావగారూ, మీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఉండండి. బావగారు వద్దంటున్నారు. కుర్చీ చేతులు పట్టుకుని లేస్తున్నారు. అమ్మాయ్, కాస్త చెయ్యందించు. ఎంతసేపు బావగారూ, మీరే చెప్పండి.

ఒక వేలు చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

సరే, అది కనీసం. అంతవరకూ అందరం నిలబడదాం. ఆ తర్వాత ఆగలేనివాళ్ళు కూర్చోండి, ఆగగలిగినవాళ్ళు ఆగండి. నేను ఎప్పటికి కూర్చుంటానో నాకు తెలియదు.

లేవండి.